కాళ్ళకంటుకుని పోయిన పాలు

సాపా బజారు దాటి రెండు మలుపులు దిగారో లేదో, బెరెండ్ తన వెదురు కర్రతో పక్క మడి గట్టును పొడిచాడు. ఆ కర్ర అతనికి నరికిచ్చింది దారి చూపే పాంగే, జారిపడకుండా ఊతంగా ఉంటుందని. గట్లు పొడవడానికి వాడతాడని తెలిసుంటే చచ్చినా ఇచ్చేది కాదు.

"మడవ తప్పు చోట పెట్టారు," అన్నాడు. "నీళ్ళు ఈ మూల నుంచి పోవాలి. ఆ మూల నుంచి కాదు."

పాంగ్ అటు చూసింది. ఆ మడవలోంచి నీళ్ళు పోవడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో ఆ నీళ్ళకే గుర్తుండదు.

"అలాగే, చెప్తాను లెండి," అంది.

"ఎవరికి?"

"నీళ్ళకి."

అతను నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

బెరెండ్‌ది హాలండ్. ఆ దేశంలో కొండన్నదే లేదట. నేల సముద్రం కంటే కిందికి ఉంటుందట. సముద్రానికి గట్లు కట్టి, ఆ గట్ల వెనకాల జనం వంట చేసుకుని తిని పడుకుంటారట. నలభై ఏళ్ళు ఆ గట్లకి కాపలా కాసి రిటైరయ్యాడు. పాంగ్ పన్నెండేళ్ళుగా ఈ దారి చూపించే పనిలో ఉంది. కొండ ఎక్కలేక కూర్చుని ఏడ్చినవాళ్ళని చూసింది. గేదెను చూసి చెట్టెక్కినవాళ్ళని చూసింది. ఒకసారి ఒక లావుపాటాయన్ని వీపు బుట్టలో కూర్చోబెట్టుకుని లోయ దాటించానని కూడా చెబుతుంది, అది నిజమో కాదో ఆ బుట్టే చెప్పాలి. కానీ కొండకి కొండలా ఎలా ఉండాలో నేర్పే మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు.

మామూలుగా ఆమె నడుస్తూ జనపనార అతుకుతుంది. నడుముకి చుట్టుకున్న కట్టలోంచి ఒక్కో పోగు లాగి, కొసా కొసా కలిపి బొటనవేలితో మెలిపెట్టి, ఎడమ చేతికి చుట్టుకుంటూ పోతుంది. మణికట్ల దాకా నీలిమందు పట్టిన ఆ చేతులు వాటి పని అవి చేసుకుంటాయి, కాళ్ళు వాటి దారి అవి చూసుకుంటాయి. గుట్ట మీదున్న తన పుట్టిల్లు చేరేసరికి తలకాయంత ఉండ తయారయ్యేది. ఆ రోజు కోడిగుడ్డంత కూడా కాలేదు. పది అడుగులకోసారి బెరెండ్ ఆగాడు. ఫోను చూశాడు. దారి ఎడమకుందన్నాడు. ఎడమన ఉన్నది దారి కాదు, పోయినేడు కొండచరియ జారి మిగిలిన ఎర్రమట్టి గుంట. అది ఫోనుకి తెలీదని పాంగ్ చెప్పింది. ఫోనులో ఉందని అతను చెప్పాడు.

"సరే, ఫోనుని ముందు నడవమనండి. మనిద్దరం వెనకాల పోదాం," అంది.

దీన్నీ రాసుకున్నాడు.

నీళ్ళు పెట్టే కాలం. కొండ మొత్తం అద్దాల మెట్లలా ఉంది. పై మడి నిండి కింది మడిలోకి, అది నిండి దాని కిందికి, లోయ అడుగు దాకా నీళ్ళు తీరిగ్గా దిగుతున్నాయి. దున్నే గేదెలు పొట్టదాకా బురదలో ఉన్నాయి. ఆ గట్ల మీద నడవాలంటే పాదం అడ్డంగా పెట్టాలి. బెరెండ్ నిలువుగా పెట్టాడు. పాంగ్ నాలుగుసార్లు చెప్పింది. బూటు తయారుచేసినవాడు దాన్ని నిలువుగా నడవడానికే చేశాడన్నాడు. మధ్యాహ్నానికి అతను మూడుసార్లు బురదలో కూర్చున్నాడు, ప్రతిసారీ లేచి ఆ గట్టులో లోపమేమిటో వివరించాడు.

పుట్టింటి కప్పు కనబడగానే పాంగ్ ఆగి, పొద్దుటి నుంచి మూడోసారి అదే విషయం చెప్పింది. ఆ ఇంట్లో తన తమ్ముడు తెంగ్ పెళ్ళాం డూవా ప్రసవించి ఎనిమిది రోజులైంది. తలుపు మీద పచ్చి ఆకుల కొమ్మ కట్టి ఉంటుంది. కొమ్మ కట్టిన పురిటింట్లోకి బయటివాళ్ళు అడుగు పెట్టకూడదు. అందులోనూ కాళ్ళకి బూట్లతో, వీపున బరువుతో అసలు పోకూడదు. పోతే తల్లి పాలు ఆ కాళ్ళకంటుకుని బయటికి పోతాయి.

బెరెండ్ శ్రద్ధగా విన్నాడు. ఏం ఆకులని అడిగాడు. ఏవైనా పర్లేదంది. అదెలా కుదురుతుంది, ఒక పద్ధతి ఉండాలి కదా అన్నాడు. పాంగ్ గట్టిగా ఊపిరి పీల్చుకుని వదిలింది. అతని సీసాలో నీళ్ళు అయిపోయాయంటే, దారి పక్క ఊట దగ్గర వెదురు గొట్టం కింద పెట్టి పట్టింది. సీసా నిండి తలెత్తేసరికి మనిషి లేడు.

పైన ఇంటి ముందు వసారాలో అతని నీలం సంచి కనబడింది, సరిగ్గా ఆకుల కొమ్మ కింద. మనిషి వంగి ఉన్నాడు. తల కనబడటం లేదు. ఎందుకంటే తల లోపలుంది.

పాంగ్ సీసా పారేసి, వీపున బుట్ట ఎగురుతుండగా పరిగెత్తింది. పెద్ద దారి చుట్టు తిరుగుతుంది గనక చిన్నప్పటి అడ్డదారిన మొక్కజొన్న చేలోంచి పైకి పాకింది. పందుల దొడ్డి పక్కనుంచి వచ్చి, పక్క తలుపు తోసుకుని, పొయ్యి దగ్గర పిల్లని పొదువుకుని పడుకున్న డూవాని దాటి, చీకట్లో పెద్ద తలుపు దగ్గరికెళ్ళి, రెండు చేతులూ బెరెండ్ ఛాతీ మీద పెట్టి తోసింది.

అతను వెల్లకిలా వాకిట్లో పడ్డాడు. వీపున సంచి ఉండటంతో బోర్లించిన తాబేలులా కాళ్ళూ చేతులూ ఆడించాడు.

"లోపలికెందుకు వచ్చారు? నేనేం చెప్పాను?"

"రాలేదు. దూలం అతుకు చూస్తున్నాను. ఒక్క మేకు లేకుండా ఎలా బిగించారో."

"తల లోపలే ఉంది కదా."

"తల ఉంది. కాళ్ళు బయటే ఉన్నాయి. కావాలంటే కొలుద్దాం." పడుకునే జేబులో టేపు కోసం వెతికాడు.

పాంగ్ వాళ్ళ నాన్న సెంగ్ నారుమడిలోంచి మోకాళ్ళ బురదతో వచ్చాడు. పాంగ్ ఒగురుస్తూ జరిగింది చెప్పింది. వద్దని మూడుసార్లు చెప్పినా ఈ ముసలాయన ఇంట్లోకి దూరాడని, తను వచ్చి బయటికి తోసిందని, ఇలాంటి మనిషిని తన జన్మలో చూడలేదని. సెంగ్ కింద రాలిన రెండాకులు ఏరి మళ్ళీ కొమ్మలో దోపాడు. లోపల డూవా కూడా కాదనలేదు.

పాంగ్ అత్తవారి ఊరు హావ్ చూ ఆ కొండకే అడుగున ఉంది. అక్కడే ఆమె ఇంట్లో బెరెండ్ ఆ పూట బస. దిగుతున్నంతసేపూ తను గడప దాటలేదని అతను, దాటాడని ఆమె. ఆమె మొగుడు వూ వాకిట్లో నాగలి చెక్కుతూ ఇద్దర్నీ చూసి, పెళ్ళయి పద్నాలుగేళ్ళయిన వాళ్ళలా పోట్లాడుకుంటున్నారన్నాడు.

మర్నాడు పొద్దున్నే తెంగ్ దిగొచ్చాడు. సాయంత్రం నుంచీ డూవాకి పాలు పడటం లేదు. పిల్ల పీల్చి పీల్చి ఏడుస్తోంది. అవతలింటి ఆమె ఒకపూట పట్టింది, గంజి తేట చెంచాతో పోస్తున్నారు, నోట్లో పోసింది పోసినట్టే బయటికి వస్తోంది.

"నీ ముసలాయన్ని తీసుకురమ్మన్నాడు నాన్న," అన్నాడు తెంగ్. "తీసుకుపోయినవాళ్ళే తేవాలంట. లేకపోతే ఇక నీ మనుషుల్ని మా గట్ల మీద నడిపించొద్దన్నాడు."

ఆ గట్లు లేకపోతే పాంగ్‌కి దారే లేదు. కానీ ఆ క్షణాన ఆమెకి దారి గురించి కాదు దిగులు. తొమ్మిది రోజుల పిల్ల. తన మేనకోడలు. ఆ ఇంట్లో పన్నెండేళ్ళ తర్వాత ఏడ్చిన పిల్ల.

బెరెండ్ అరుగు మీద కూర్చుని గుడ్డు ఒలుచుకుంటున్నాడు. పాంగ్ చెప్పింది: ఎవరి కాళ్ళకంటుకుని పాలు పోయాయో వాళ్ళు తమ చేత్తో అన్నం వండి, వేడిగా గిన్నెలో పెట్టి, చెప్పుల్లేకుండా, వీపున ఏమీ లేకుండా, పోయిన దారినే తిరిగెళ్ళి, దూరిన తలుపు దగ్గరే బయట నిలబడి ఆ ఇంటి పెద్ద చేతికివ్వాలి. తల్లి అది తినాలి.

"నేను గడప దాటలేదు," అన్నాడు.

పాంగ్ కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. ఎదురుగా ఉన్న కొండకి చెప్పినా ఈపాటికి ఒక అడుగు పక్కకి జరిగుండేది. అతను ప్రశ్నలు వేశాడు. పాలు ఎంత సేపట్లో పోతాయి? తల ఒక్కటే లోపలుంటే సగం పాలే పోవాలి కదా? కర్ర లోపలికి వస్తే లెక్కేనా? జలపాతం దగ్గరికి ఈ రోజే పోవాలని కాగితంలో ఉంది, దాని సంగతేమిటి? పాంగ్ ఒక్కోదానికీ జవాబు చెప్పింది. చెప్పీ చెప్పీ నోరెండిపోయింది. చివరికి ఇంగ్లీషు వదిలేసి, తన భాషలో, మెత్తటి గొంతుతో, ముసలి బర్రె అనీ, చెవులు అరువిచ్చి మరచిపోయినవాడనీ, నోటికి ఒక గట్టు కట్టించుకోమనీ తిట్టింది. వూ నాగలి పక్కన పెట్టి నోరు మూసుకుని నవ్వాడు.

ఏ మాట పనిచేసిందో తెలీదు. తెంగ్ చెంచా ఎలా పట్టారో, పిల్ల ఎలా కక్కిందో చేతులతో చూపించడం చూశాడో ఏమో, బెరెండ్ గుడ్డు సగంలో ఆపేశాడు. కాసేపు కొండ మీదికి చూశాడు. తమ దేశంలో గట్టు కారుతోందని తెలిస్తే ఎవరి కాలు పడిందని ఎవరూ అడగరన్నాడు. దగ్గరున్నవాడు పోయి మట్టి వేస్తాడు. "ఎంత బియ్యం?" అన్నాడు.

అక్కడితో పాంగ్ కష్టాలు తీరాయనుకుంటే పొరపాటు. బియ్యం నాలుగుసార్లు కడిగాడు. పొయ్యిలో కట్టెలు తీసి గాలి ఆడేలా మళ్ళీ పేర్చాడు, పొయ్యి ఆరిపోయింది. అన్నం ఉడికిందో లేదో మూత తీసి పదకొండుసార్లు చూశాడు. ఆఖరికి బూట్లు విప్పాడు. ఎండ తగలని ఆ పాదాలు ఒలిచిన ముల్లంగి దుంపల్లా ఉన్నాయి. రెండు చేతులతో గిన్నె పట్టుకుని, ఎవర్నీ తాకనివ్వకుండా, కొండెక్కడం మొదలుపెట్టాడు. పాదాలు నిలువుగానే పెట్టాడు.

మొదటి గిన్నె మూడో మడిలో పడింది. బాతులు తిన్నాయి. వెనక్కి దిగి మళ్ళీ వండాడు. రెండోది దాదాపు పైదాకా వెళ్ళింది, అక్కడ ఒక దూడ దారికడ్డంగా నిలబడింది. ఎటు పోవాలో తేల్చుకోలేక ఇద్దరూ ఒకే పక్కకి జరిగారు. అప్పటికి సెంగ్ మడుల్లో నాట్లకి గట్లు చెక్కుతున్న బంధువులంతా నడుములు నిటారు చేసి ఆ తమాషా చూస్తున్నారు. పిన్నీ బాబాయిలూ, వాళ్ళ కొడుకులూ కోడళ్ళూ, ఇరవై మంది దాకా ఉంటారు. ముసలాయన పాలు పట్టుకెళ్ళి బాతులకి పోస్తున్నాడని ఒకరన్నారు. పాంగ్ నవ్వలేదు. చెబితే వినడు, చూస్తే నమ్మడు, ఇలాంటివాణ్ణి నెత్తినెక్కించుకోవడం నా ఖర్మ అని అందరికీ వినబడేలా అంది. అందరూ ఆమెని జాలిగా చూశారు.

మూడో గిన్నె చేరింది. పొద్దు వాలుతోంది. బెరెండ్ పెద్ద తలుపు ముందు, ఆకుల కొమ్మకి మూడు బారల దూరంలో, అరికాళ్ళ నుంచి నెత్తురు కారుతూ నిలబడ్డాడు. సెంగ్ లోపలి నుంచి వచ్చి, అడగాల్సిన మాట అడిగి, గిన్నె అందుకున్నాడు. లోపల డూవా తింటున్న చప్పుడు వినిపించింది. బెరెండ్ ముఖం తుడుచుకున్నాడు. అది చెమటేనని పాంగ్ అనుకుంది. కాదు. దిగేటప్పుడు దారంతా అతను మాట్లాడలేదు. ఒక్క గట్టునీ పొడవలేదు. పాంగ్‌కి దానికీ చిరాకేసింది, ఈసారి ఏం కనిపెడుతున్నాడో అని.

మూడో రోజు పొద్దున పాంగ్ ఒక్కతే పైకెళ్ళింది. డూవాకని గుడ్లు పది, అల్లం ముక్క బుట్టలో వేసుకుంది. నాన్నా వాళ్ళూ అప్పటికే మడుల్లోకి దిగారు. ఆ రోజు నాట్లు. పందుల దొడ్డి పక్కనుంచి వెళ్ళి పక్క తలుపు మీద చెయ్యి వేసింది.

"ఆగు వదినా. లోపలికి రాకు," అంది డూవా లోపలి నుంచి.

గొంతు చిన్నగా ఉంది. పలకల గోడ సందులోంచి పొయ్యి వెలుతురు కనబడింది, దాని పక్కన డూవా మోకాలు. పిల్ల ఏడ్చే ఓపిక కూడా లేనట్టు కీచుమంటోంది.

పాలు పడ్డాయా అని పాంగ్ అడిగింది. పడలేదు. అన్నం తిన్నావా? మెతుకు వదలకుండా తిన్నాను. మరెందుకు? ఆ ముసలాయన వండటంలో ఏదో తేడా చేసుంటాడు, నాకు తెలుసు, ఎన్నిసార్లు మూత తీశాడో, అని పాంగ్ మొదలుపెట్టింది.

"ఆయన రాలేదు వదినా."

"ఎక్కడికి?"

"లోపలికి. గడప అవతలే ఉన్నాడు. తల పెట్టి పైకి చూస్తున్నాడంతే. నేను చూస్తూనే ఉన్నాను." డూవా పిల్లని రెండో పక్కకి మార్చుకుంది. "నువ్వొచ్చావు."

పాంగ్ తలుపు మీది చెయ్యి తీయలేదు. బూట్ల వైపు చూసుకుంది. అవే బూట్లు. వీపున అదే బుట్ట.

"నేను బయటిదాన్నా?" అంది. "ఈ తలుపులోంచి నేను పాకుతూ బయటికొచ్చేదాన్నంట. ఈ పొయ్యిలో కాలిన మచ్చ నా మోచేతి మీదుంది."

  పద్నాలుగేళ్ళ కిందట పెళ్ళినాడు వూ వాళ్ళ గడప ముందు మామగారు పాంగ్ తల చుట్టూ కోడిపుంజుని తిప్పిన రోజే ఆమె ఆ ఇంటి దేవతల మనిషైపోయింది. ఈ ఇంటి దేవతలకి ఆమె చుట్టం. ఇక్కడ ఆమె పురుడు పోసుకోకూడదు, ఇక్కడ ప్రాణం పోకూడదు. ఇవన్నీ పాంగ్‌కి తెలుసు. వచ్చినవాళ్ళందరికీ ఇంగ్లీషులో చెబుతుంది కూడా. చెప్పినప్పుడల్లా అది ఇంకెవరి సంగతో అన్నట్టే చెప్పింది.

"నిన్న చెప్పొచ్చు కదే," అంది. "ఆ మనిషి కాళ్ళు చీరుకుపోయాయి."

"ఎలా చెప్పను? నువ్వు ఆడపడుచువి. మామయ్య నీ మాట నమ్మేశాడు. నిన్ను పట్టుకుని బయటిదానివని నేనెలా అంటాను?" అంది డూవా. "పిల్ల కోసం చెప్తున్నాను. లేకపోతే ఇప్పుడు కూడా చెప్పేదాన్ని కాదు."

పాంగ్ గుడ్లు గడప బయట దించి కొండ దిగింది. దిగుతూ తమ్ముణ్ణి తిట్టుకుంది, రెండో తలుపుకి కూడా కొమ్మ కట్టనందుకు. నాన్నని తిట్టుకుంది, ఇంటికి రెండు తలుపులు పెట్టినందుకు. డూవాని తిట్టుకుంది. బెరెండ్‌ని ఎలాగూ తిట్టుకుంది. సగం దిగేసరికి తిట్టడానికి ఒక్కరే మిగిలారు.

ఇంటికొచ్చేసరికి బెరెండ్ కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని కూర్చున్నాడు. పాలు పడలేదన్న మాట సగం వినగానే లేచి నిలబడ్డాడు.

"మళ్ళీ తీసుకెళ్తాను. ఈసారి ఆరు గిన్నెలు. మూత తీయను."

ఒక్క క్షణం పాంగ్ నోరు మూసుకునే ఉంది. పైన ఇరవై మంది ఉన్నారు. నిన్న ఆ ఇరవై మంది ముందూ ఈ మనిషిని ఆమె ఏమేమందో గుర్తుంది. ఇతను మళ్ళీ సంతోషంగా ఎక్కుతాడు. ఎక్కినా పాలు రావు.

చెప్పింది. మీరు గడప దాటలేదు, దాటింది నేను. మీరు చెప్పింది నిజం, నేను వినలేదు. ఇంగ్లీషులో ఆ మాటలకి ఎక్కువసేపు పట్టలేదు.

నేను చెప్పలేదా అంటాడనుకుంది. పుస్తకం తీసి తేదీ వేసి రాసుకుంటాడనుకుంది. బెరెండ్ తల అడ్డంగా ఊపాడు.

"లేదు. నేనే దాటాను. నిన్నంతా ఆలోచించాను. మనసులో నేను అప్పటికే లోపలున్నాను."

"మనసుకి బూట్లుంటాయా?"

"ఆ గిన్నె ఇచ్చినప్పుడు మీ నాన్న నన్ను చూసిన చూపు నాకు తెలుసు. అది నాదే," అన్నాడు. "నన్ను కాపాడాలని నువ్విలా అంటున్నావు. చాలా మంచిదానివి."

రెండు రోజులు చేశారంటే వినక, మూడో రోజు చేయలేదంటే కూడా వినని మనిషిని ఏం చేయాలి? పాంగ్ లోపలికెళ్ళి పొయ్యి రాజేసింది. బియ్యం ఒకేసారి కడిగింది. మూత ఒక్కసారీ తీయలేదు. పక్కన ఇంకో పొయ్యి మీద బెరెండ్ కూడా వండుతున్నాడు. వద్దంది. అతను నీళ్ళు కొలిచాడు. వూ ఇద్దర్నీ చూసి, ఈసారి నవ్వకుండా, పాంగ్ బుట్ట తీసి గోడకి తగిలించాడు. బూట్లు వాకిట్లో పక్కపక్కన పెట్టాడు.

ఉత్త కాళ్ళతో పాంగ్ ఊట దాకా పెద్ద దారినే ఎక్కింది. అక్కడి నుంచి ఆ రోజు పాకిన మొక్కజొన్న చేలోకి తిరిగింది. బెరెండ్ వాకిట్లోకే వెళ్ళాలి గనక గుడ్డలు చుట్టిన కాళ్ళతో, గిన్నెతో, పెద్ద దారి వెంటే సాగాడు.

మడుల్లో వరసగా వంగి నాట్లు వేస్తున్నవాళ్ళు ముందు పాంగ్‌ని చూశారు. ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేత్తో బురదలోకి దింపుతున్న వాళ్ళు, ఆ చేతులు అలాగే ఆపి చూశారు. చెప్పుల్లేకుండా, బుట్ట లేకుండా, రెండు చేతులతో గిన్నె. పాంగ్ చేలోంచి పైకొచ్చి పందుల దొడ్డి పక్కన, పక్క తలుపుకి ఎదురుగా నిలబడింది. తెంగ్ కేకేస్తే సెంగ్ మడిలోంచి లేచి వచ్చాడు.

"ఇక్కడెందుకు నిలబడ్డావే?" అన్నాడు. "ఆ ముసలాయనేడి?"

"నాన్నా, ఆ రోజు లోపలికొచ్చింది నేను. ఈ తలుపులోంచి. బూట్లతో, బుట్టతో."

సెంగ్‌కి అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా చేతులు చాపలేదు. ఇది నీ ఇల్లు కదా అన్న మాట నోటిదాకా వచ్చినట్టుంది. అది అనకూడని మాటని గుర్తొచ్చి ఆగినట్టుంది.  నీళ్ళు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి పడుతున్న చప్పుడు వినబడుతోంది.

అప్పుడొచ్చాడు బెరెండ్. ఇంటి మూల తిరిగి, కుంటుతూ, గిన్నె ముందుకి చాపి, ఒక్కో మాటా తొక్కి పలుకుతూ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆమె మాట నమ్మొద్దు. వెళ్ళింది నేను. తప్పు నాది. ఆమె నన్ను కాపాడటానికి చెబుతోంది. ఒక చేత్తో గిన్నె పట్టుకుని, రెండో చేత్తో గుండె మీద కొట్టుకున్నాడు.

సెంగ్ అతన్ని చూశాడు. కూతుర్ని చూశాడు. తండ్రి కళ్ళలో ఒక ఆశ కదిలింది. ఇరవై మందీ మెడలు చాపారు. ఆ కొండ మీద ఆ భాష తెలిసింది పాంగ్ ఒక్కదానికే.

"ఏమంటున్నాడే?" అన్నాడు సెంగ్.

"ఆకలేస్తోందంటున్నాడు నాన్నా."

"చేతిలో అన్నముంది కదా."

"ఒట్టి అన్నమేగా. కూరేదని అడుగుతున్నాడు."

మడిలో ఎవరో కిసుక్కుమన్నారు. సెంగ్ తెంగ్‌ని పిలిచి, నాట్లవాళ్ళకి తెచ్చిన ఊరబెట్టిన ఆవాకు తెచ్చి పెట్టమన్నాడు. తెంగ్ బెరెండ్‌ని భుజం పట్టి మొద్దు మీద కూర్చోబెట్టి, అతని గిన్నెలోనే కూర వేశాడు. బెరెండ్ పాంగ్ వైపు చూశాడు, నేను చెప్పింది చెప్పావా అన్నట్టు. చెప్పానని తలూపింది. అతను తృప్తిగా తినడం మొదలుపెట్టాడు.

సెంగ్ పక్కనే ఉన్న తొట్టిలో చేతులు ముంచి, వేళ్ళ సందుల్లో బురద కూడా లేకుండా కడుక్కున్నాడు. పొడిగుడ్డతో తుడుచుకున్నాడు. వచ్చి కూతురి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాపాడు. ఇలా అన్నం తెచ్చిన బయటి మనిషిని ఇంటి పెద్ద మొదట ఒక మాట అడగాలి, అడిగాకే గిన్నె అందుకోవాలి. 

"ఏ ఊరి నుంచి వచ్చారమ్మా?" అన్నాడు.

"హావ్ చూ నుంచి," అంది పాంగ్, గిన్నె ఇస్తూ.